తక్కువ ఐక్యూని ఎవరూ అనుమానించరు

మా స్కూల్లో పిల్లలు నా గదిని ‘తెలివి కొలిచే గది’ అనేవాళ్ళు. శుద్ధ అబద్ధం. ఆ గదిలో నేను ఎవరి తెలివినీ కొలవలేదు. బయట ఎవరో కొలిచి, కవరులో పెట్టి, ముద్ర కొట్టి పంపిన తెలివిని చదివి ఫైల్లో పెట్టేదాన్ని. దోహాలో ఒక భారతీయ పాఠశాలలో పందొమ్మిదేళ్ళు కౌన్సిలర్‌గా పనిచేశాను. అందులో సగం కాలం ఆ కవర్లు చదవడానికే సరిపోయింది.

ఇప్పుడు కాకినాడలో కాళ్ళు చాపుకొని కూర్చుని ఇదంతా రాయడానికి కారణం మా మేనకోడలు. మొన్ననే ఒక పెద్ద స్కూల్లో ఇదే ఉద్యోగంలో చేరింది. “అత్తా, ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలి?” అని ఫోన్ చేసింది. రిపోర్టు ఎలా చదవాలో పుస్తకాల్లో ఉంటుంది. నేను ఎలా తప్పు చదివానో ఏ పుస్తకంలోనూ లేదు, అది నేనే చెప్పాలి. నాకు వచ్చిన ప్రమోషన్లు రెండు. రెండుసార్లూ జీతం కంటే పనే ఎక్కువ పెరిగింది కాబట్టి వాటి ఊసు ఎత్తను.

ఆవకాయతో వచ్చిన రిపోర్టులు

చమురు ధర పైపైకి ఎగబాకుతున్న రోజులవి. ఊరంతా క్రేన్లే. వారం వారం కొత్త కుటుంబాలు దిగేవి. మా స్కూల్లో ఏ సెక్షన్, బి సెక్షన్ అని మొదలైనవి కె దాకా వెళ్ళాయి. ఆ ఊపులో మా యాజమాన్యం ‘ప్రతిభా తరగతి’ అని ఒకటి పెట్టింది. ఇరవై మంది పిల్లలు, ఏరి తెచ్చిన టీచర్లు, వాళ్ళకంటూ ఒక ల్యాబు. ఎంపికైన పిల్లలకు ఫీజు లేదు. చేరాలంటే ఐక్యూ నూట ముప్పై ఉండాలి. పరీక్ష పెట్టే తీరిక మాకు లేదు కనుక ప్రైవేటు సైకాలజిస్టు దగ్గర చేయించి రిపోర్టు తెచ్చుకోమన్నారు.

ఇంకేముంది, వేసవి సెలవులకు ఇండియా వెళ్ళినవాళ్ళందరూ ఆవకాయ, కందిపొడి, ఐక్యూ రిపోర్టు పట్టుకొని దిగారు. కొన్ని రిపోర్టులకు నూనె మరకలు కూడా ఉండేవి. నూట నలభైకి తగ్గిన పిల్లాడు కనపడితే ఒట్టు. గోదావరి జిల్లాల నుంచీ హైదరాబాదు నుంచీ ఇంతమంది మేధావులు ఒకే విమానంలో ఎలా వచ్చారా అని ఆశ్చర్యపోయేదాన్ని.

గ్యాసు కంపెనీలో మేనేజరుగా ఉన్న ఒకాయన తన కొడుకు రిపోర్టు తెచ్చారు. నూట నలభై నాలుగు. చదువుతూ మూడో పేజీలో ఆగిపోయాను. ‘ప్రశ్నకు జవాబు ఆలోచించేటప్పుడు జడ చివర తిప్పుకుంటూ ఉంటుంది’ అని రాసి ఉంది.

“ఇది అమ్మాయి రిపోర్టులా ఉందండీ” అన్నాను.

“టైపింగ్ మిస్టేక్ అయి ఉంటుందండీ. ‘ఉంటాడు’ అని ఉండాలి.”

“మరి జడ?”

ఆయన కొడుకు తలవైపు చూశారు. మొక్కు తీర్చుకుని వచ్చారేమో, గుండు నున్నగా ఉంది. కవరు తీసుకొని వెళ్ళిపోయారు. ఆ అబ్బాయి మాత్రం నాకు టాటా చెప్పాడు, మంచి పిల్లాడు.

ఇంకో అమ్మాయి ఉండేది. కబుర్లలో పెట్టి, “పడవకీ సైకిలుకీ పోలికేంటమ్మా?” అని అడిగాను. నా నోటి నుంచి మాట పూర్తికాకుండానే, “రెండూ ప్రయాణ సాధనాలు మేడం, తర్వాతది అడగండి” అంది. వాళ్ళమ్మ ఎవరి దగ్గరో ప్రశ్నలు సంపాదించి రెండు నెలలు బట్టీ పట్టించిందట.

దాంతో నేను సీఐడీనైపోయాను. ఎక్కువ అంకె కనపడితే చాలు, సంతకం చూసేదాన్ని, క్లినిక్‌కి ఫోన్ చేసేదాన్ని, పిల్లల్ని మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడించేదాన్ని. మా ప్రిన్సిపాల్ మాథ్యూస్ సార్ కొట్టాయం మనిషి, రూలు దాటని మనిషి. ఆయన నన్ను స్టాఫ్ మీటింగులో మెచ్చుకున్నారు కూడా. నాకు కొంచెం పొగరెక్కింది. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

తక్కువ అంకె వచ్చిన కవరు మాత్రం రెండు నిమిషాల్లో మూసేసేదాన్ని. ఎవరైనా తప్పుడు రిపోర్టు రాయించుకుంటే ఎక్కువకు రాయించుకుంటారు గానీ తక్కువకు రాయించుకోరు కదా, కాబట్టి తక్కువ వచ్చిందంటే అది నిజమే అనుకునేదాన్ని. ఈ వాక్యం మా మేనకోడలు రెండుసార్లు చదవాలి. నా ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద తెలివితక్కువతనం ఇందులోనే ఉంది.

ఫరీదా గారు

ఇండియా రిపోర్టులతో విసిగిపోయి, దోహాలోనే పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పడం మొదలుపెట్టాను. అల్ ముంతజాలో ఒక మందుల షాపు పైన డాక్టర్ ఫరీదా గారి క్లినిక్ ఉండేది. హైదరాబాదు ఆవిడ. సగం మంది తల్లులు ఆవిడ మెట్లు కళ్ళు తుడుచుకుంటూ దిగేవాళ్ళు. ఒక్క మార్కు కూడా ఊరికే వేసేది కాదు. అందుకే ఆవిడంటే నాకు గురి.

నిజం చెప్పాలంటే నేను చూసిన ప్రైవేటు సైకాలజిస్టుల్లో మోసగాళ్ళు తక్కువ, తొందర మనుషులు ఎక్కువ. బయట పదిమంది కూర్చుని ఉంటే లోపలి పిల్లాడికి భయం పోయేదాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది? ఫరీదా గారు ఆగేవారు. ముందు బిస్కెట్ పెట్టి, వాడు తినేదాకా తన కాగితాలు సర్దుకుంటూ కూర్చునేవారు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఆ బిస్కెట్ పద్ధతి నేర్చుకోవాలి.

మౌనిక

ఒక సెప్టెంబరులో ఐదో తరగతి లెక్కల టీచరు నా దగ్గరకు ఒక పిల్లను తీసుకొచ్చింది. పేరు మౌనిక. ఏప్రిల్లోనే జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చింది. “నోటితో అడిగితే నాకంటే ముందు చెప్పేస్తోంది. రాయమంటే నత్తనడక. లైన్లో అందరికన్నా పొట్టి, ఆటల్లో చివర, పెన్సిల్ సరిగ్గా పట్టుకోదు. ఏం అర్థం కావడం లేదు, మీరే చూడండి” అంది. మాట్లాడించాను. కళ్ళు చురుగ్గా ఉన్నాయి. ఫరీదా గారి దగ్గరికి పంపించాను.

తండ్రి రాజలింగం లుసైల్‌లో కొత్తగా కడుతున్న సైటులో ఫోర్‌మన్. పదేళ్ళు క్యాంపులో ఒంటరిగా గడిపాక ఫ్యామిలీ వీసా దొరికింది. ఊరికి దూరంగా ఉమ్ సలాల్‌లో ఒక విల్లా వెనక రెండు గదుల్లో ఉండేవారు. రిపోర్టు వచ్చిన రోజు డ్యూటీ బట్టల్లోనే వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు, కుర్చీ మాసిపోతుందని. భార్య పద్మ పక్కన నిలబడింది.

రిపోర్టులో నూట పంతొమ్మిది ఉంది. మంచి అంకే, కానీ సరిపోదు. నేను అలవాటు ప్రకారం నాలుగు తియ్యటి మాటలు చెప్పి కవరు మూశాను.

“మేడం, గా క్లాసుల సీటొస్తే ఈడ్నే ఉంటరు” అన్నాడు రాజలింగం. “లేకుంటే అచ్చే నెలల తల్లీబిడ్డల ఊరికి పంపుడే. ఫీజు కట్టుడు నాతోని అయితలేదు. పదేండ్లకు నా బిడ్డతోని బువ్వ తింటున్న మేడం. ఇంకేమన్న తొవ్వ ఉంటే జెప్పుండ్రి.”

“రూలండీ, నా చేతుల్లో ఏమీ లేదు” అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా మొహంలో ఎంత జాలి కనిపించిందో నాకు తెలియదు. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయాను.

మలీద ముద్దలు

తర్వాతి నెలలో ఒక ఉదయం పద్మ ఒంటరిగా వచ్చింది. టి.సి. కోసం దరఖాస్తు ఒక చేతిలో, స్టీలు డబ్బా ఒక చేతిలో. కోపంగా వచ్చిందనుకున్నాను. డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. బెల్లం, నెయ్యి వాసన.

“మలీద ముద్దలు మేడం. నిన్న సద్దుల బతుకమ్మ. విల్లల వెనక ముగ్గురమే ఆడినం, పూలు దొరకక కాగితం పూలు వెట్టినం. పోయేముందు మీకియ్యాలె అనిపిచ్చింది. మా పిల్లతోని మంచిగ మాట్లాడిన్రు గద.”

ఒక ముద్ద చేతిలోకి తీసుకున్నాను. మాట మార్చడానికి, “పండగ బాగా జరిగిందా అమ్మా?” అన్నాను.

“మాకు రెండు పండుగలు మేడం. మా మౌనిక సద్దుల బతుకమ్మ నాడే పుట్టింది. నిన్నటితోని తొమ్మిదేండ్లు నిండినయ్.”

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. “తొమ్మిదా? కాగితం మీద జూన్‌లోనే పదేళ్ళు నిండాయి కదా!”

“అది బడి సారు రాసిన తేది. నేను బీడీలు చేస్తుంటి. ఇంట్ల పిల్లను చూసెటోళ్ళు లేరు. మూడున్నర ఏండ్లకే బడిల ఏసినం. ‘ఐదు నిండకుంటే నేనెట్ల చేర్చుకోవాలె’ అన్నడు సారు. దండం వెట్టిన. ఆయనే ఒక తేది ఏసుకున్నడు. పాస్‌పోర్టు గూడ గదే తేది మీద అయింది. మా దిక్కు అందరికి రెండుంటయ్ గద మేడం, మీ దిక్కు ఉండయా?”

మా దిక్కు ఉండకపోవడమేం! మా ఆయన అసలు పుట్టినరోజు కార్తీకమాసంలో, సర్టిఫికెట్ పుట్టినరోజు జూలై ఒకటో తారీఖున. పెళ్ళయినప్పటి నుంచి రెండు రోజులూ పాయసం వండుతున్నదాన్ని నేనే. ఏడాదికి రెండుసార్లు ఆ పాయసం తాగి, ఒక్కసారి కూడా నా గదిలో కూర్చుని ‘ఈ పిల్ల అసలు ఎప్పుడు పుట్టింది?’ అని అడగాలని తోచలేదు. సంతకాలు, ముద్రలు, జడలు అన్నీ పట్టుకున్న సీఐడీకి ఈ సంగతి తట్టలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఐక్యూ అంటే పిల్ల ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పిందన్న లెక్క కాదు. అదే వయసు పిల్లల మధ్య నిలబెడితే ఎక్కడ ఉందన్న లెక్క. మౌనికను ఏడాది మీద నాలుగు నెలలు పెద్ద పిల్లల మధ్య నిలబెట్టి కొలిచాం. పెన్సిల్ కుదరకపోవడం, ఆటల్లో వెనకబడటం, లైన్లో పొట్టిగా ఉండటం అన్నీ అందులోంచి వచ్చినవే. టి.సి. దరఖాస్తు సొరుగులో పడేసి, “పద్మా, ఒక్క పదిహేను రోజులు ఆగు” అన్నాను.

ముగ్గురితో మూడు గొడవలు

ఆ సాయంత్రమే అల్ ముంతజా వెళ్ళాను. ఫరీదా గారు నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు.

“అరే, నా టెస్టు గలత్ అంటరా? టెస్టు గలత్ లేదమ్మా, మీరిచ్చిన తారీఖు గలత్!” అంటూనే ఫైలు తీశారు. పట్టికలు తిరగేసి, తొమ్మిదేళ్ళు కూడా నిండని పిల్లగా లెక్కవేసి, పెన్సిల్‌తో ఒక చిట్టీ మీద రాసి చూపించారు. నూట ముప్పై నాలుగు.

“ఇది రాసి సంతకం పెట్టివ్వండి” అన్నాను.

“పాస్‌పోర్టుల ఏముంటే అదే రాస్త. లేకుంటే రేపు నా లైసెన్సు పోతది. సారీ అమ్మా, దిల్ ఒప్పుకుంటది, కలం ఒప్పుకోదు.” చిట్టీ చింపి బుట్టలో వేశారు. నాకు కోపం వచ్చింది గానీ ఆవిడ చేసింది సరైన పనే.

మాథ్యూస్ సార్ మరీ సూటిగా చెప్పారు. “పాస్‌పోర్టు చెప్పినదే వయసు. రేపు ప్రతి తల్లీ వచ్చి మా పిల్లాడు నిన్ననే పుట్టాడంటే ఏం చేస్తావు సుభద్రా?” ఫైలు పట్టుకొని నా గదికొచ్చేశాను.

మూడో మనిషి రాజలింగం. తేదీ సరిదిద్దించుకునే దారి ఏమైనా ఉందేమో కనుక్కుందామా అని ఫోన్‌లో అడిగానో లేదో, అవతల బతిమాలడం మొదలుపెట్టాడు.

“మేడం, మీకు దండం వెడత, ఆ తేది ముట్టకుండ్రి! పాస్‌పోర్టుల కిరికిరి వెడితే ఇకామా పోతది, ఈడ ఉండుడే బంద్ అయితది, నా నౌకరీ పోతది. సీటు రాకున్నా మంచిదే. మేం గప్పుడు చేసింది తప్పే, దాన్ని బయట వెట్టకుండ్రి.”

ఆయన భయం అబద్ధం కాదు. నిజం రాస్తే సంసారం రోడ్డున పడుతుంది, రాయకపోతే పిల్ల చదువు పోతుంది. తప్పంటూ ఉంటే అది మూడున్నరేళ్ళ పిల్లను బడిలో దిగబెట్టి పనికి వెళ్ళిన తల్లిదో, జాలిపడ్డ సారుదో, ఏమీ అడగని నాదో. నన్నడిగితే నాదే ఎక్కువ అంటాను, ఎందుకంటే అడగడానికి జీతం తీసుకున్నది నేనొక్కదాన్నే.

ఖాళీ గడి

దిక్కుతోచక ఎంపిక ఫారం తీసి చదివాను. ఆ ఫారం తయారుచేసింది నేనే. కింద ఒక గడి ఉంది: ‘పాఠశాల స్వయంగా పరిశీలించిన విషయాలు’. దాని పక్కనే చిన్న అక్షరాల్లో, ‘అవసరమైతే దీని ఆధారంగా ప్రిన్సిపాల్ ప్రత్యేక అనుమతి ఇవ్వవచ్చు’ అని కూడా నేనే రాశాను. అన్నేళ్ళూ ప్రతి పిల్లకీ ఆ గడిలో ‘సంతృప్తికరం’ అని ఒకే మాట రాసి పారేశాను. అంకె ఉన్నాక పిల్లను చూడటమెందుకు అనుకున్నాను కాబోలు.

ఫారం పట్టుకెళ్ళి మాథ్యూస్ సార్ ముందు పెట్టాను. వయసు మాట ఎత్తలేదు. “రెండు వారాలు ఆ తరగతిలో కూర్చోబెట్టి పరిశీలిస్తాం సార్. రూల్లో ఉంది” అన్నాను. రూల్లో ఉంది అనేసరికి ఆయన కాదనలేకపోయారు.

ప్రతిభా తరగతి టీచరు జయంతి తమిళావిడ. మొదటి వారం మౌనిక నోరు విప్పలేదట. రెండో వారం జయంతి పిల్లలందరినీ తమ తమ స్కూలు బస్సు తిరిగే దారి గీసుకురమ్మంది. ఉమ్ సలాల్ బస్సులో చివర దిగేది మౌనికే. గంటకు పైగా ఆ కిటికీ పక్కన కూర్చునేది కదా, ప్రతి మలుపూ గీసుకొచ్చింది. కింద ఇంకో బొమ్మ కూడా గీసింది. బస్సు ఒకే రోడ్డు మీద రెండుసార్లు ఎక్కడెక్కడ తిరుగుతోందో గుర్తుపెట్టి, ఏ రోడ్డూ రెండోసారి తొక్కకుండా కొత్త దారి వేసింది.

జయంతి ఆ కాగితం డ్రైవరుకు చూపించింది. శ్రీలంక మనిషి, మంచివాడు. కాసేపు చూసి, “యల్లా, పదండి చూద్దాం” అని ఆ గురువారం బండి ఆ దారిన పట్టించాడు.

అక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి, ఆదివారం స్కూలు తెరవగానే మాథ్యూస్ సార్ కబురు పంపారు. ఫిర్యాదులట. బస్సు ఇరవై నిమిషాలు ముందు వచ్చేసిందట. తల్లులు స్టాపుకు రాలేదు, పిల్లలు గేట్ల ముందు కూర్చున్నారు, ఒకావిడ స్నానం మధ్యలో పరుగెత్తుకొచ్చిందట.

“ఎవరి పని ఇది?” అని అరిచారు.

“ఒక తొమ్మిదేళ్ళ పిల్ల పని సార్.”

“పదేళ్ళు.”

“సరే సార్, పదేళ్ళు.”

కాగితం ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకొని వేలితో ఆ దారి వెంట వెళ్ళారు, ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజరును పిలిపించి, “ఇన్నేళ్ళుగా నువ్వేం చేస్తున్నావు?” అని అడిగారు. అతను కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని దారి వెతకడం మొదలుపెట్టాడు. సార్‌కి నవ్వు ఆగలేదు. నేను ఆయన నవ్వడం చూసింది మొత్తం మీద మూడుసార్లే, అందులో ఇదొకటి. ఖాళీ గడిలో ఈసారి నేను ‘సంతృప్తికరం’ అని రాయలేదు. చూసిందంతా రాశాను, గడి చాలక వెనకవైపు కూడా రాశాను. ఆయన ప్రత్యేక అనుమతి అని రాసి సంతకం పెట్టారు. వయసు దగ్గర పాస్‌పోర్టు తేదీ అలాగే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు, దాని మీద లెక్కలూ కట్టలేదు.

అలమారా

ఆ రెండు వారాల్లోనే ఇంకో పని చేశాను. అలమారా తెరిచి, నేను రెండు నిమిషాల్లో మూసేసిన తక్కువ అంకెల ఫైళ్ళన్నీ బయటకు తీశాను. తెలుగు ఇళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, “అసలు పుట్టినరోజు ఎప్పుడండీ?” అని అడిగాను. చాలామందికి ఒకటే ఉంది. ఇద్దరికి రెండున్నాయి. అందులో ఒకబ్బాయి ఇంకా మా స్కూల్లోనే ఆరో తరగతిలో ఉన్నాడు, వాణ్ణి మళ్ళీ పిలిచి ఖాళీ గడి నింపే పని మొదలుపెట్టాం. రెండో ఇంటి ఫోన్ మోగలేదు, రెండు తేదీల సంగతి వాళ్ళ పక్కింటావిడ చెప్పింది. వాళ్ళు నిజామాబాద్ వెళ్ళిపోయారనీ ఆవిడే చెప్పింది. ఆ అమ్మాయి ఏం చదివిందో, ఎక్కడుందో నాకు తెలియదు. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. ఈ ఉద్యోగంలో ఇలాంటిది ఒకటైనా మిగులుతుంది. మిగలలేదు అనేవాళ్ళను నమ్మకండి.

ఎక్కువ అంకెను ఎంత అనుమానిస్తారో తక్కువ అంకెనూ అంతే అనుమానించండి. డాక్టరు నిజాయితీపరురాలైనా కాగితం నిజం చెప్పాలని లేదు. నేను నేర్చుకున్నది ఇంతే.

ఎత్తు

సీటు ఇచ్చిన రోజు ముగ్గురూ వచ్చారు. రాజలింగం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, అయినా కుర్చీ అంచునే కూర్చున్నాడు. ఉత్తరం చదివి వినిపించాను. పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మౌనిక మాత్రం గోడకు ఆనుకుని నేల చూస్తోంది.

“సంతోషంగా లేదా తల్లీ?” అన్నాను.

“ఆ క్లాసుల గూడ అందరు నాకంటే పెద్దగ ఉన్నరు” అంది మెల్లగా. “నేను పెరుగుతనే లేను మేడం. అందరు గిడ్డి అంటరు.”

అసలు వయసు సంగతి ఆ పిల్లకు తెలియదు. ఎక్కడైనా నోరు జారుతుందని, పుట్టినరోజు నాడు దీపం పెట్టి చేతిలో మలీద పెట్టడమే తప్ప, ఎన్నేళ్ళో ఇంట్లో చెప్పలేదట. పద్మ భర్త మొహం చూసింది. రాజలింగం తల ఊపాడు.

పద్మ మోకాళ్ళ మీద కూర్చుని కూతురి చేతులు పట్టుకుంది. “బిడ్డా, ఒక్క మాట. ఎవ్వరికి చెప్పద్దు. నీకు పది గాదు, తొమ్మిదే. నిన్ను చిన్నగున్నప్పుడే బడిల ఏసినం. నీ క్లాసోళ్ళందరు నీకంటె ఏడాది పెద్దోళ్ళు.”

మౌనిక తల్లి మొహం, తండ్రి మొహం, నా మొహం వరసగా చూసింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. తర్వాత గోడ దగ్గర్నుంచి కదిలి నిటారుగా నిలబడింది.

“అయితె నేను మంచిగనే పెరిగినన్నట్టు” అంది.